స్కటిల్ అనే ఇంగ్లీష్ క్రియ: ఎప్పుడు వాడాలి, ఎక్కడ వాడకూడదు

ఇంగ్లీష్ పేపర్లో ఎడిటోరియల్ చదివే అలవాటున్న వాళ్లకు స్కటిల్ అనే మాట కొత్తది కాదు. చర్చల్ని స్కటిల్ చేశారు, ఒప్పందాన్ని స్కటిల్ చేయాలని చూస్తున్నారు, గాయం వల్ల ఫలానా ఆటగాడి ఆశలు స్కటిల్ అయ్యాయి, ఇలా వస్తూ ఉంటుంది. సందర్భం చూసి ఏదో చెడగొట్టారన్నమాట అనుకుని ముందుకెళ్లిపోతాం, చదవడం వరకు దాంతో పని జరిగిపోతుంది. చిక్కంతా మనం రాయాల్సి వచ్చినప్పుడే. వైజాగ్ ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో బ్యాంకు పరీక్షలకీ ఎస్సెస్సీకీ తయారయ్యే పిల్లలు స్కటిల్ అంటే ముంచడం, స్కటిల్ అంటే చెడగొట్టడం, స్కటిల్ అంటే పరిగెత్తడం అని మూడు అర్థాలు వరసగా బట్టీ పడతారు, ముంచడానికీ పరిగెత్తడానికీ సంబంధం ఏమిటో ఎవరూ చెప్పరు, తీరా పరీక్షలో ఖాళీ పూరించమంటే టెన్షన్. అసలు సంబంధమే లేదు. అవి రెండు వేర్వేరు మాటలు, కాలక్రమంలో స్పెల్లింగ్ ఒకటైపోయింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం బరువు దిగిపోతుంది. మిగతా సగానికి ఓడల దగ్గరికి వెళ్లాలి, వైజాగ్‌లో ఉన్నవాళ్లకు అదేమంత దూరం కాదు కదా.

స్పెల్లింగ్ ఎస్, సీ, యూ, రెండు టీలు, ఎల్, ఈ. పలికేటప్పుడు "స్కట్" అని, చివర్లో ల్ తగిలిస్తే చాలు, మనం రాసుకునే గుడి అక్కడ దాదాపు వినపడదు. అమెరికన్ల నోట టీ మెత్తబడి "స్కడల్"లా వినిపిస్తుంది, వేరే మాట అనుకోకండి. భూతకాలం స్కటిల్డ్, ఇంగ్ రూపం స్కట్లింగ్.

ముందు ఓడ సంగతి

స్కటిల్ మొదట నామవాచకం. ఓడ డెక్కు మీదో పక్క గోడలోనో ఉండే చిన్న ద్వారాన్ని, దానికో మూత ఉంటుంది, దాన్ని స్కటిల్ అనేవారు. 15వ శతాబ్దం నుంచి ఇంగ్లీష్‌లో ఉన్న మాట, ఫ్రెంచ్ లేదా స్పానిష్ నావికుల దగ్గర్నుంచి వచ్చి ఉంటుందని నిఘంటువులు చెబుతాయి. 17వ శతాబ్దానికి అదే క్రియగా మారింది. ఓడకు కావాలని చిల్లు పెట్టి ముంచడం స్కటిల్ చేయడమైంది. చెక్క ఓడల కాలం కాబట్టి గొడ్డలో ఉలో పట్టుకుని అడుగున బొక్క కొట్టడమే.

ఇనుప ఓడలు వచ్చాక గొడ్డలితో పని లేదు. ప్రతి పెద్ద ఓడలోనూ ఇంజను చల్లబరచడానికి, ఇంకా వేరే అవసరాలకు, సముద్రపు నీళ్లు లోపలికి తీసుకునే గొట్టాలుంటాయి. అవి ఓడ పొట్టలోంచి బయటికి తెరుచుకునే చోట వాల్వులుంటాయి, వాటిని సీకాక్‌లంటారు. ఇంజను గదిలోకి దిగి ఆ వాల్వులు బార్లా తెరిచేసి, మళ్లీ ఎవరూ మూయలేకుండా చేతిచక్రాలు విరగ్గొట్టి, గదికీ గదికీ మధ్య ఉండే నీరు చొరని తలుపుల్ని తెరిచే వదిలేస్తే చాలు. మొదట నేల తడుస్తుంది, తర్వాత ఇంజను మునుగుతుంది, ఓడ ఒక పక్కకి ఒరుగుతుంది, ఆ తర్వాత ఎవరు వచ్చినా చేసేదేమీ ఉండదు. స్కటిల్ అనే మాట విన్నప్పుడల్లా ఈ బొమ్మ కళ్ల ముందు పెట్టుకోండి. లోపలి మనిషి, తెలిసిన చెయ్యి, కావాలని తిప్పిన వాల్వు, వెనక్కి తిప్పుకోలేని ఫలితం. ఈ మాట వాడకం మొత్తం ఇక్కడి నుంచే వస్తుంది.

చరిత్రలో దీనికి చాలా పెద్ద ఉదాహరణ ఒకటి 1919 జూన్ 21న జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ యుద్ధనౌకలు 74, స్కాట్లాండ్ ఉత్తరాన స్కాపా ఫ్లో అనే చోట బ్రిటిష్ వాళ్ల కాపలాలో ఉన్నాయి. వాటిని గెలిచినవాళ్లు పంచుకుంటారన్న భయంతో జర్మన్ రియర్ అడ్మిరల్ లుడ్విగ్ ఫాన్ రాయిటర్ తన నావికులకే సైగ పంపించి మునగగొట్టించాడు. ఒక్క రోజులో 52 ఓడలు మునిగిపోయాయి, మిగతావాటిని బ్రిటిష్ వాళ్లు ఒడ్డుకి లాక్కుపోయి కాపాడుకున్నారు. ఇంగ్లీష్‌లో "ద జర్మన్స్ స్కటిల్డ్ దేర్ ఓన్ ఫ్లీట్" అంటారు. ఇక్కడ "ఓన్" అన్న మాట గమనించండి, స్కటిల్ పక్కన అది తరచు కనిపిస్తుంది. ఇంకోటి, 1939 డిసెంబర్ 17న మాంటెవిడియో దగ్గర గ్రాఫ్ ష్పే అనే జర్మన్ యుద్ధనౌకను దాని కెప్టెన్ హాన్స్ లాంగ్స్‌డార్ఫే పేలుడు పదార్థాలు పెట్టి ధ్వంసం చేయించాడు. వాల్వులు తిప్పలేదు, పేల్చారు, అయినా అది స్కట్లింగే. అంటే చిల్లు ఎలా పెట్టారన్నది ముఖ్యం కాదు, ఎవరు, ఎందుకు అన్నదే ముఖ్యం.

మన ఊళ్లోనూ ఉంది

వైజాగ్ పోర్టు కథలో ఈ మాటకి సొంత చోటు ఉంది, మన ఊరి పిల్లలకి ఇది ఎక్కడా చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది. పోర్టు 1933లో తెరుచుకుంది. అంతకుముందు కడుతున్న రోజుల్లో, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఓడలు లోపలికొచ్చే కాలువ ముఖద్వారం దగ్గర అలల తాకిడి ఒక సమస్య, తీరం వెంబడి కదిలొచ్చే ఇసుక ఇంకో సమస్య. దానికి విరుగుడుగా రెండు పాత ఓడల్ని కొని, తీసుకొచ్చి, అక్కడ కావాలని ముంచి అలలకు అడ్డుగోడలా వాడారు. ఇంగ్లీష్‌లో ఈ సంగతి రాయాలంటే "టూ ఓల్డ్ షిప్స్ వర్ స్కటిల్డ్ ఎట్ ద ఎంట్రన్స్" అనే రాయాలి. ఇందులో ఓటమి లేదు, మోసం లేదు, శుభ్రంగా ఇంజనీరింగ్. ఇలా మంచి పనికి ముంచడం ఇంకా జరుగుతూనే ఉంది, అమెరికా 2006లో ఒరిస్కనీ అనే పాత విమానవాహక నౌకను ఫ్లోరిడా దగ్గర సముద్రంలో ముంచింది, చేపలు చేరి కృత్రిమ దిబ్బ తయారవ్వాలని. కాబట్టి ఓడ విషయంలో స్కటిల్ అనగానే చెడ్డ పని అనుకోనక్కర్లేదు. కావాలని చేసిన పని, అంతవరకే.

ఇప్పుడు ఇదే ఊరి సముద్రంలో జరిగిన ఇంకో రెండు సంగతులతో పరీక్షించుకుందాం. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గర మునిగిపోయింది, ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గరికి వెళ్లేవాళ్లకు తెలిసిన కథే. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జిలకు, అంటే నీటి లోతులో పేలే బాంబులకు, మునిగిందని మన నౌకాదళం చెబుతుంది, లోపలి పేలుడు వల్లో తాను పెట్టిన మైను వల్లో మునిగిందని పాకిస్తాన్ వైపు వాదన. ఏ వాదన తీసుకున్నా అక్కడ స్కటిల్డ్ అని రాయకూడదు. మొదటిదైతే "వాజ్ సంక్", శత్రువు ముంచాడు. రెండోదైతే "శాంక్", ప్రమాదంలో మునిగింది. లోపలున్నవాళ్లు మునగాలని మునగలేదు.

రెండోది 2020 అక్టోబర్‌లో, వాయుగుండం రోజుల్లో, బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎంవీ మా తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చి రాళ్ల మధ్య ఇరుక్కుపోవడం. ఫోన్లు పట్టుకుని ఊరు ఊరంతా చూడ్డానికి వెళ్లింది. అది స్కటిల్ కాదు, సింక్ కూడా కాదు, "ర్యాన్ అగ్రౌండ్". గట్టుకెక్కింది, మునగలేదు. 2021 మార్చిలో సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఇరుక్కుపోయిన ఎవర్ గివెన్‌కి కూడా ఇదే మాట.

దీని చుట్టూ ఉండే మిగతా మాటలు కూడా ఇక్కడే చూసేద్దాం. క్యాప్‌సైజ్ అంటే బోల్తా పడడం. ఫౌండర్ అంటే, స్థాపకుడు కాదు, క్రియగా వాడినప్పుడు, నీళ్లు నిండి మునిగిపోవడం, సముద్రానికి తట్టుకోలేక మునగడం. సింక్ అన్నిటికీ పనికొస్తుంది. ఈ తేడా తెలుగువాళ్లకి పట్టుబడడం కష్టం కాదు, ఎందుకంటే మన భాషలో జత ఎప్పట్నుంచో ఉంది. పుట్టి మునిగింది అంటే ఫౌండర్డ్. పుట్టి ముంచాడు అంటే స్కటిల్డ్. మునగడానికీ ముంచడానికీ ఉన్న తేడాయే అది. మనం "వాడు మా పుట్టి ముంచాడు" అన్నప్పుడు ఒక మనిషి మీద వేలు పెట్టి చూపిస్తాం కదా, స్కటిల్ కూడా అలాగే వేలు చూపిస్తుంది.

ఆ వేలు కోర్టులో కూడా చూపించొచ్చు. ఓడల ఇన్సూరెన్సు కేసుల్లో స్కట్లింగ్ అనేది పెద్ద ఆరోపణ. సొంతదారుడే తన ఓడను ముంచేసి, ప్రమాదంలో పోయిందని డబ్బు అడగడం. 1980 జనవరిలో సేలం అనే పెద్ద చమురు ఓడ ఆఫ్రికాలో సెనెగల్ తీరం దగ్గర మునిగింది. తీరా చూస్తే అందులో ఉండాల్సిన దాదాపు 2 లక్షల టన్నుల చమురులో చాలా భాగం అప్పటికే దక్షిణాఫ్రికాలో డర్బన్ దగ్గర గుట్టుగా దింపేశారు. కాపాడబోయిన ఓడవాళ్లకి సిబ్బంది సూట్‌కేసులు సర్దుకుని కనిపించారు. ఈ కేసు గురించి చదివేటప్పుడు శాంక్ అన్నచోట అమాయకత్వం, స్కటిల్డ్ అన్నచోట నేరం, ఒక్క మాటలోనే తీర్పు వచ్చేస్తుంది. అందుకే రుజువు కాకముందు జాగ్రత్తపరుడైన విలేకరి "అలెజెడ్లీ స్కటిల్డ్" అని రాస్తాడు. మీరూ అలాగే రాయండి.

ఓడ లేని చోట

పరీక్షల్లో, పేపర్లలో ఎక్కువగా వచ్చేది ఈ వాడకమే. ప్రయత్నం, ఒప్పందం, చర్చలు, బిల్లు, విలీనం, ఎవరైనా గెలిచే అవకాశం, ఇవన్నీ నీళ్ల మీద నడుస్తున్న ఓడ అనుకోండి, దానికెవరో చిల్లు పెట్టారు. తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట గండి కొట్టడం. "రాజీ ప్రయత్నాలకు గండి కొట్టారు" అని తెలుగు పేపర్లో ఉంటే దాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చేటప్పుడు కళ్లు మూసుకుని స్కటిల్ వాడొచ్చు. "దే స్కటిల్డ్ ద పీస్ ఎఫర్ట్స్." చెరువు గట్టుకి ఒకడు పలుగు పట్టుకుని గండి కొట్టాక నీళ్లు ఆగవు, ఇక్కడా అంతే, పని పూర్తిగా పోయింది.

ఆ "పూర్తిగా" అన్నదే గీటురాయి. మోకాలడ్డారు అనే చోట స్కటిల్ వాడకండి, అది అబ్‌స్ట్రక్ట్, అడ్డుపడ్డారు గానీ పని ఇంకా బతికుంది. తూట్లు పొడిచారు అంటే అండర్‌మైన్, చట్టానికి తూట్లు పొడుస్తారు, కొంచెం కొంచెంగా, చట్టం పేరుకి ఉంటుంది. అటకెక్కించారు అంటే షెల్వ్, ఎప్పుడైనా మళ్లీ దించొచ్చు. నీరుగార్చారు అంటే డైల్యూట్. బెడిసికొట్టింది అంటే బ్యాక్‌ఫైర్, అది చేసినవాడికే తగిలింది. డీరెయిల్ స్కటిల్‌కి బాగా దగ్గరిదే, కానీ పట్టాలు తప్పిన బండిని మళ్లీ ఎక్కించొచ్చు, మునిగిన ఓడని తేల్చడం అంత సులువు కాదు. టార్పెడో అనే క్రియ కూడా ఉంది, అది బయటివాడు వచ్చి కొట్టడం. ఒప్పందంలో భాగమైనవాడే చివరి నిమిషంలో సంతకం పెట్టనంటే స్కటిల్, ఎక్కడో కూర్చున్న పోటీదారుడు దెబ్బ కొడితే టార్పెడో, ఇలా వాడితే రాత పదునుగా ఉంటుందని నా అభిప్రాయం. అందరు రచయితలూ ఇంత కచ్చితంగా పాటించరు, కాబట్టి పరీక్షలో రెండూ ఆప్షన్లుగా వస్తే మిగతా వాక్యం చూసి నిర్ణయించుకోండి. బ్రిటిష్ పేపర్లలో ఇదే చోట స్కప్పర్ అనే మాట కనిపిస్తుంది, అర్థం దాదాపు ఒకటే. నామవాచకంగా స్కప్పర్ అంటే డెక్కు మీద చేరిన నీళ్లు సముద్రంలోకి పోవడానికి ఓడ అంచున పెట్టే తూము.

ఒక మెలిక ఉంది, చాలా గైడ్లు దాన్ని వదిలేస్తాయి. ఓడ విషయంలో స్కటిల్‌కి మనిషి ఉద్దేశం తప్పనిసరి అన్నాను కదా, ప్లాన్ల విషయంలో ఆ నియమం సడలిపోయింది. "రెయిన్ స్కటిల్డ్ అవర్ అరకు ట్రిప్" అని రాయొచ్చు. వానకి ఉద్దేశం ఏముంటుంది, అయినా ఇంగ్లీష్‌వాళ్లు రాస్తారు, తప్పు కాదు. మోకాలి గాయం ఒలింపిక్ ఆశల్ని స్కటిల్ చేస్తుంది, డబ్బులు చాలకపోవడం సినిమాని స్కటిల్ చేస్తుంది. ఇక్కడ మిగిలింది ఫలితం ఒక్కటే, సాగుతున్నది కాస్తా పూర్తిగా ఆగిపోవడం. అందువల్ల ఇలా గుర్తుపెట్టుకోండి. ముంచింది నిజమైన ఓడనైతే ముంచినవాడెవడో అడగండి. ముంచింది ప్లాన్‌నైతే, అది అప్పటికే బయల్దేరిందా, పూర్తిగా పోయిందా అని అడగండి. ఇంకా మొదలే కాని ఆలోచనకి స్కటిల్ నప్పదు, కాగితం మీద కూడా లేని పెళ్లి సంబంధాన్ని ఎవరూ స్కటిల్ చేయలేరు, ముహూర్తం పెట్టుకున్నాక కట్నం దగ్గర పేచీ పెట్టినవాడు మాత్రం చేయగలడు.

వాక్యంలో కూర్చోబెట్టడం ఎలాగంటే, దీనికి కర్మ ఉండాలి, అంటే దేన్ని అన్న ప్రశ్నకి జవాబు పక్కనే ఉండాలి. "ద మెంబర్స్ స్కటిల్డ్ ద ప్రపోజల్" సరైనది. "ద ప్రపోజల్ వాజ్ స్కటిల్డ్" కూడా సరైనది, పేపర్ వాళ్లకి ఈ కర్మణి వాక్యం ఇష్టం, చేసినవాడి పేరు దాచేయొచ్చు కాబట్టి. "ద ప్రపోజల్ స్కటిల్డ్" మాత్రం తప్పు, ప్రతిపాదన ఎటో బిరబిరా పరిగెత్తిందని అర్థం వస్తుంది, ఎందుకో కింద చెబుతాను. అలాగే మనుషుల్ని స్కటిల్ చేయలేం. "హి స్కటిల్డ్ మీ" అంటే ఇంగ్లీష్‌లో అర్థం లేదు, మనం వాడు నన్ను ముంచేశాడు అంటాం కాబట్టి ఆ ఊపులో అలా రాసేస్తారు. వాడు ముంచింది మీ వ్యాపారాన్నో మీ ఉద్యోగ అవకాశాన్నో అయితే ఆ మాట పెట్టండి, "హి స్కటిల్డ్ మై చాన్సెస్". దీని ముందు తరచు వచ్చే తోడు మాటలు త్రెటెన్, ట్రై, అటెంప్ట్. "ద డిస్ప్యూట్ త్రెటెన్స్ టు స్కటిల్ ద డీల్" అన్నది ఎన్నో వార్తల్లో ఉన్న మూస, దీన్నే వంట పట్టించుకుంటే చాలా పని జరుగుతుంది.

ఆఫీసు మెయిళ్లలో కాస్త చూసి వాడండి. మీ మేనేజర్‌కి "యూ స్కటిల్డ్ ద ప్రాజెక్ట్" అని రాస్తే మీరే కావాలని ముంచారు అన్నట్టు వినిపిస్తుంది, చెప్పదలచుకున్నది ఆగిపోయిందనే అయితే "ద ప్రాజెక్ట్ వాజ్ కాల్డ్ ఆఫ్" చాలు.

పీత పరుగు

ఇక రెండో స్కటిల్. దీనికి ఓడ చిల్లుతో చుట్టరికం లేదు. స్కడ్ అనే పాత మాటకి, గబగబా సాగిపోవడం అని దానర్థం, ఇది దగ్గరిదని భాషావేత్తలు అంటారు. దీని అర్థం తెలుసుకోవడానికి నిఘంటువు కంటే యారాడ బీచ్ మంచిది, లేదంటే భీమిలి వైపు జనం తక్కువగా ఉండే ఏ తీరమైనా సరే. పొద్దున్నే వెళ్లి ఇసుకలో చిన్న బొరియలకి కాస్త దూరంలో కదలకుండా నిలబడండి. కాసేపటికి ఇసుక రంగు పీత ఒకటి పైకొస్తుంది, పుల్లల మీద నిలబెట్టినట్టుండే కళ్లు అటూ ఇటూ తిప్పుతుంది, మీ కాలు కొంచెం కదిలిందంటే చాలు అడ్డంగా, కాళ్లు కనపడనంత వేగంగా నాలుగడుగులు వెళ్లి ఆగుతుంది, మళ్లీ నాలుగడుగులు, బొరియలోకి మాయం. ఆ పరుగే స్కటిల్. చిన్న చిన్న అడుగులు, కంగారు, నేలకి అంటుకుపోయినట్టుండే ఒళ్లు, దాక్కునే చోటు కోసం వెతుకులాట. "ద క్రాబ్ స్కటిల్డ్ ఇంటు ఇట్స్ హోల్."

బొద్దింకలకి, ఎలకలకి, బల్లులకి, సాలీళ్లకి ఇదే వాడతారు. లైటు వేయగానే గ్యాసు బండ కిందికి దూరే బొద్దింక స్కటిల్స్. గుర్రం, కుక్క, లేడి స్కటిల్ చేయవు, వాటి పరుగులో బారు అంగలుంటాయి. మనుషులకి వాడితే కొంచెం చులకన భావం వస్తుంది, భయపడో సిగ్గుపడో తప్పించుకుపోయాడని. టీచర్ రాగానే క్లాసులోకి దూరిన పిల్లలకి సరదాగా వాడొచ్చు, ప్రశ్నలు అడగబోతే కారెక్కి వెళ్లిపోయిన నాయకుడికి వాడితే మాత్రం వెక్కిరింతే. పెద్దాయన తొందరగా నడిచారు అని రాయడానికి "హి స్కటిల్డ్" పెట్టకండి, "హి హరీడ్" పెట్టండి.

ఈ రెండో స్కటిల్‌కి కర్మ ఉండదు. దాని వెనక దిక్కు చెప్పే మాట ఉంటుంది, అవే, అక్రాస్, ఇంటు, అండర్, బ్యాక్, ఆఫ్. ఇప్పుడు వెనక్కి వెళ్లి "ద ప్రపోజల్ స్కటిల్డ్" ఎందుకు కుదరదో చూడండి, కర్మ లేకపోయేసరికి చదివేవాడి బుర్ర పీత వైపు వెళ్లిపోతుంది. పరీక్షలో అయోమయం వస్తే ఇదే చాలు. స్కటిల్ తర్వాత దేన్ని అన్నదానికి జవాబుంటే లేదా కర్మణి వాక్యమైతే ముంచడం, ఎటు అన్నదానికి జవాబుంటే పరుగు.

ఇదే ఇంటి పేరుతో తిరిగేవి

స్కటిల్‌బట్ అనే నామవాచకం ఓడ వైపు చుట్టమే. బట్ అంటే పీపా. ఓడ డెక్కు మీద తాగునీళ్ల పీపాకి నీళ్లు ముంచుకోవడానికి వీలుగా చిన్న కన్నం పెట్టేవారు, నావికులు నీళ్లకని అక్కడ చేరి కబుర్లు చెప్పుకునేవారు, వీధి కుళాయి దగ్గర బిందెలు నిండేలోగా ఊరి సంగతులన్నీ తెలిసినట్టే. అలా స్కటిల్‌బట్ అంటే పుకారు, చెవిన పడ్డ మాట అయింది. "వాట్స్ ద స్కటిల్‌బట్?" అంటే ఏంటి లోపలి కబురు అని. అమెరికా వాడుక ఎక్కువ. బ్రిటిష్ నౌకాదళం వాళ్లు ఓడ గుండ్రటి కిటికీని కూడా స్కటిల్ అంటారు. పాత ఇంగ్లీష్ కథల్లో కోల్ స్కటిల్ వస్తుంది, బొగ్గుల బకెట్, అది పళ్లెం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి విడిగా వచ్చింది, దాన్ని అక్కడే వదిలేయండి.

అసలు ప్రమాదం స్పెల్లింగ్‌లో దగ్గరగా ఉండేవాటితో. సెటిల్ ద డీల్ అంటే ఒప్పందం కుదుర్చుకోవడం, స్కటిల్ ద డీల్ అంటే దాన్ని ముంచేయడం, పూర్తిగా ఎదురు అర్థం, తొందరలో చదివితే వార్తే తల్లకిందులైపోతుంది. స్కఫుల్ అంటే తోపులాట. షటిల్ మనకి బ్యాడ్మింటన్ వల్ల బాగా తెలిసిందే, క్రియగా అయితే రెండు చోట్ల మధ్య అటూ ఇటూ తిరగడం, గాజువాకకీ మధురవాడకీ మధ్య రోజూ తిరిగే ఉద్యోగి షటిల్స్, స్కటిల్ చేయడు.

కొంచెం చేతితో చేసి చూడండి

వీటిని ముందు తెలుగులో చదివి, ఏ మాట పడుతుందో మీరే అనుకుని, తర్వాత కింది జవాబుకి రండి. ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లిన ఒక మర పడవకి అడుగున పగులు వచ్చి నీళ్లు నిండి మునిగింది. ఇన్సూరెన్సు కోసం ఒకాయన తన పాత పడవని సముద్రంలో తనే ముంచేశాడు. అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు మార్చే ప్రతిపాదన సంక్రాంతి తర్వాత చూద్దామని పక్కన పెట్టారు. కొటేషన్ కూడా ఖాయమయ్యాక అసోసియేషన్‌లో ఇద్దరు సభ్యులు డబ్బు కట్టనని భీష్మించుకునేసరికి ఆ లిఫ్టు పని మొత్తం పోయింది. వంటింట్లో లైటు వేయగానే ఎలక ఫ్రిజ్ వెనక్కి దూరింది.

మొదటిది శాంక్ లేదా ఫౌండర్డ్. రెండోది స్కటిల్డ్, సందేహమే లేదు. మూడోది షెల్వ్‌డ్. నాలుగోది మళ్లీ స్కటిల్డ్, "టూ మెంబర్స్ స్కటిల్డ్ ద లిఫ్ట్ ప్రాజెక్ట్", వాళ్లు లోపలివాళ్లే, పని అప్పటికే నడుస్తోంది, పూర్తిగా పోయింది, మూడు గుర్తులూ ఉన్నాయి. అయిదోది పీత వైపు స్కటిల్, "ద ర్యాట్ స్కటిల్డ్ బిహైండ్ ద ఫ్రిజ్".

చివరిగా రెండూ కలిసిన వాక్యం ఒకటి ఇస్తున్నాను, పైకి చదివి తెలుగులో చెప్పండి. "హేవింగ్ స్కటిల్డ్ ద టాక్స్, ద డెలిగేట్స్ స్కటిల్డ్ అవుట్ త్రూ ద బ్యాక్ డోర్." చర్చలకు గండి కొట్టి, ఆ ప్రతినిధులు వెనక గుమ్మం గుండా గబగబా జారుకున్నారు.